నీటి పుట్టినిల్లు

నీటిని గూర్చి మాటాడునప్పుడు మనము చెరువును చూతుము, కాలువను చూతుము, తుదకు పొలమున నిలిచిన పైరును చూతుము. ఆ నీరు మొట్టమొదట మనుష్యుని చేతికి చిక్కిన చోటు ఏది యని అడుగువారు తక్కువ. కాని కాలువ యెంత పొడవైనను, కట్ట యెంత బలమైనను, ఆ మొదటి చోటు చెడినచో తక్కినదంతయు వట్టి మన్నును రాయియునే. అనంతపురపు మెట్టసీమలో అట్టి చోట్లు పెక్కు ఇసుకలో పూడిపోయినవి. వాని పేర్లు వృద్ధుల నోట మాత్రమే మిగిలియున్నవి. ఆ పేర్లు సైతము పోకముందే వానిని గుర్తించుట, బ్రతికింపదగినవానిని బ్రతికించుకొనుట ఈ తరమువారి పని.

ఈ మాట యెంత నిజమో తెలియవలెనన్నచో ముదిగుబ్బ వంటి యూరిని చూడవలెను. అనంతపురము నుండి కదిరికి పోవు దారిలో, ధర్మవరము–పాకాల రైలుమార్గము మీద నున్న ఈ యూరు చిరకాలము అనంతపురము జిల్లాలో నుండి, 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. నైరుతి ఋతుపవనము పశ్చిమ కనుమలను దాటునప్పుడే తన నీటిలో అధికభాగమును అవతల విడిచి, తేలికపడిన మేఘములతో ఈ సీమకు వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరము నుండి ఇంత లోపలికి వచ్చుసరికి అలసిపోవును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదియు నెలనెలకు సరిగా పంచినట్లు గాక, కొన్ని దినములలో కుండపోతగా కురిసి, తక్కిన దినములలో ఆకాశము వంక చూడజేయునట్టిది. పైన పలుచని యెర్రనేల, క్రింద నల్లరాతి పొర. నేలలో దాగు నీరు ఆ రాతి పగుళ్లలోను, రాయి చివికి గరుసుగా మారిన పైపొరలోను మాత్రమే నిలువగలదు.

ఇట్టి నేలలో వాగులును వంకలును ఏడాదిలో అధికభాగము ఇసుకదారులే. ముదిగుబ్బ ప్రాంతపు మద్దిలేరు అట్టిదే. అది పోయి కలియు చిత్రావతియు అట్టిదే. వాన కురిసిన నాడు ఎర్రని వరద. మరి కొన్ని నాళ్లకు తెల్లని యిసుక. క్రొత్తగా చూచువాడు అది యెండిన యేరనుకొనును. ఆ సీమలో పుట్టినవాడు అట్లనుకొనడు. ఇసుక తొలగించి చెలమ తీసినచో కొంతసేపటికి నీరూరునని వాడు చిన్ననాటనే యెరుగును. ఇసుక నీటిని దాచును, ఎండనుండి కాపాడును, వడగట్టును. ఏటి యిసుక ఈ సీమకు ప్రకృతి ఇచ్చిన జలాశయము. దానికి కట్ట లేదు, తూము లేదు. కాని దానిలో నిలువ కలదు.

చెలమ కడవ నింపును గాని మడిని తడుపజాలదు. ఒకానొక కాలమున ఎవడో బుద్ధిమంతుడు ఆ చెలమనే పొడిగించి చూచెను. అదియే ఊటకాలువ. పెన్న, చిత్రావతి మొదలైన యేళ్ల యిసుకలో రాయలసీమ రైతులు తరతరములుగా త్రవ్వుకొనుచు వచ్చినది అదియే. దీని యందలి సూత్రము ఉపాధ్యాయులు నల్లబల్లపై ఒక్క గీతతో చూపింపదగినంత సులభము. ఏటి గర్భము కిలోమీటరునకు మూడు మీటర్ల చొప్పున దిగుచున్నదనుకొందము. ఇసుకలో రెండు మీటర్ల లోతున నీరున్న చోట కాలువ మొదలుపెట్టి, దానిని కిలోమీటరునకు ఒక మీటరు మాత్రమే దిగునట్లు దిగువకు త్రవ్వుకొనిపోయినచో, ఏరు వేగముగా దిగును, కాలువ మెల్లగా దిగును. ఒక కిలోమీటరు పోవునప్పటికి రెండును సమమగును. రెండు మీటర్ల లోతున దాగిన నీరు, ఏతము లేక, కపిల లేక, ఎద్దు మెడపై కాడి పడక, తనంత తానే నేలమీదికి వచ్చి మడిలో ప్రవేశించును. నీటిని పైకెత్తుటకు బదులు నేల వాలును దాని కెదురుగా నిలిపిన యీ యుపాయము చదువురాని రైతు చేతిలో పుట్టిన గణితము.

అనంతపురము పొలిమేరను ఆనుకొని, నేడు కర్ణాటకములో నున్నను తెలుగు మాటాడు కుటుంబములు మెండుగా గల పావగడ ప్రాంతమునను, దాని చేరువనున్న మధుగిరి, శిరా ప్రాంతములలోను గరుసునేలలో ఇట్టి యూటలను త్రవ్వి పారించుట కలదు. అచ్చట వానిని తలపరిగెలందురు. ఆ పేరులోని ‘తల’ అను మాట గమనింపదగినది. కాలువకు తోక యెక్కడనైన నుండవచ్చును. ప్రాణము తలలో నుండును.

ఇట్టి పని ఈ సీమవారే చేసిరనుకొనరాదు. భూమిలోపలి యూటను ఒకచోట కూర్చి, వాలు చూచి నడిపించు విద్య ప్రాచీన ప్రపంచమున పలుచోట్ల వర్ధిల్లెను. పారశీకులు కొండల యడుగున సొరంగములు తొలిచి కనాతులను నడిపిరి. రోమనులు తమ నగరములకు రాతి కాలువలను కట్టిరి. రోమను కాలువలనగానే చదువరుల కన్నులకు ఎత్తైన కమానుల వరుస కట్టును. కాని ఆ కాలువలలో అధికభాగము నేలలోపలనే పోవును. వాని మేధస్సు కమానులలో గాక కాలువ తలలో దాగియున్నది. జర్మనీ దేశపు ఐఫెల్ కొండల నుండి కొలోన్ నగరమునకు, క్రీస్తు తరువాత సుమారు 80వ సంవత్సరమున, 95 కిలోమీటర్ల కాలువను వారు నిర్మించిరి. కొండవాలున ఊటలు చెమ్మగిల్లు చోట రాతిగదులను కట్టి, నీరు వచ్చు వైపున రాళ్లను సున్నము లేకుండ పేర్చిరి. నీరు పోగూడని వైపున గట్టి గచ్చు చేసిరి. అనగా ఒక గోడ తలుపు, మరియొక గోడ కట్ట. కాల్‌ముత్ అను గ్రామమున ఇట్టి ఊటగది నొకదానిని 1953లో త్రవ్వి వెలికిదీసి, పైన కప్పు వేసి కాపాడుచున్నారు. చిత్రావతి యిసుకలో రైతు త్రవ్విన గుంతయు, ఐఫెల్ కొండలో రోమను శిల్పి కట్టిన గదియు ఒకే ప్రశ్నకు రెండు సమాధానములు: కంటికి కనబడక జారిపోవు నీటిని ఎట్లు పోగుచేయుట?

ఆ ప్రశ్నకు ముందు మరియొక ప్రశ్న కలదు: అట్టి నీరు ఎక్కడ నున్నదని తెలిసికొనుట యెట్లు? రోమను వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియసు, తెల్లవారకముందే నేలపై బోరగిలబడి, గడ్డము నేల కానించి, ఎక్కడ ఆవిరి లేచునో చూడుమని చెప్పెను. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయమున ఏ చెట్టు ప్రక్క పుట్ట యున్నచో ఎంత లోతున, ఏ దిక్కున జలము పడునో వివరించెను. ఇందులో కొన్ని నేటి శాస్త్రమునకు నిలుచును, కొన్ని నిలువవు. కాని ఇద్దరికిని ఒక గుణము సమానము: త్రవ్వుటకు ముందు చూచుట. నేటి తొందరలో మనము పోగొట్టుకొన్నది ఆ గుణమునే.

నీటిని దూరమునుండి తెచ్చు విద్యయు మన సీమకు క్రొత్తది కాదు. ముదిగుబ్బకు చేరువనే పెనుకొండ కలదు. విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల కుమారుడు బుక్కరాయలు పెనుకొండలో నుండి, నీరే ప్రాణులకు ప్రాణమని తలచి, పెన్ననీటిని పట్టణమునకు తేవలెనని జలసూత్ర విద్యలో నిపుణుడైన సింగయభట్టును నిండుకొలువులో ఆజ్ఞాపించినట్లు 1388 నాటి శాసనము చెప్పుచున్నది. సింగయభట్టు సిరువెర చెరువునకు కాలువను నడిపించి, దానికి రాజు పేరిడెను. ఆజ్ఞయిచ్చిన రాజు పేరుతో పాటు కాలువ త్రవ్వించిన నిపుణుని పేరును రాతిపై చెక్కుట ఆ కాలమువారి సంస్కారము.

దానికి పందొమ్మిదేండ్లు ముందుగా, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు కట్టపై నిలిచిన శాసనము మరింత విలువగలది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన యా చెరువునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు అందు కలదు. చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తగులగూడని యారు దోషములను ఆ శాసనము లెక్కించినది. కట్టనుండి నీరు కారుట, చవుటి నేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, చెరువు నడుమ మెరక లేచుట, నీరు కొంచెమై తడుపవలసిన భూమి విస్తారమగుట, భూమి కొంచెమై నీరు విస్తారమగుట—ఇవి ఆ దోషములు. వీనిలో ఐదవ దోషమును నేడు మెట్టసీమ పొలములలో ప్రతిరైతును అనుభవించుచున్నాడు. మూడవ దోషమును రాష్ట్రముల నడుమ నదీజలముల తగవులలో దేశమంతయు చూచుచున్నది. ఆరున్నర శతాబ్దముల క్రిందటి హెచ్చరిక పాఠశాలలో కంఠస్థము చేయింపదగినది.

ఇంతవరకు చెప్పినవానిలో రెండు విధములు కలవు: రాతితో కట్టినవి, ఇసుకలో త్రవ్వినవి. రాతితో కట్టినవానికి శాసనము కలదు, చరిత్ర కలదు, చూడవచ్చువారు కలరు. కొలోన్ కాలువ సుమారు 260వ సంవత్సరమున శత్రువుల దాడితో ఆగిపోయెను. నీరు పోయెను, రాయి మిగిలెను. కాలువలో పేరిన సున్నపు పొరను సైతము మధ్యయుగపు శిల్పులు కోసి తీసి, పాలరాయివలె మెరుగుపెట్టి దేవాలయ స్తంభములకు వాడుకొనిరి. కాలువ చచ్చినను దాని శరీరము విలువ పోలేదు. ఇసుకలో త్రవ్వినవాని గతి వేరు. ప్రతి వరదకును ఊటకాలువ పూడిపోవును. వరద తీసిన పిమ్మట ఊరివారు గడ్డపారలతో, గంపలతో ఏటిలోనికి దిగి మరల త్రవ్వవలెను. ఒక్క యేడు ఊరు పూనుకొననిచో కాలువ లేదు. పదియేండ్లు పూనుకొననిచో కాలువ యెక్కడ నుండెనో చెప్పువాడును లేడు. దానికి శిథిలములు మిగులవు. జ్ఞాపకము ఒక్కటే దాని శిథిలము. అందుచేతనే దానిని కాపాడుట పురావస్తు శాఖవలన కాదు. ఊరివలన, బడివలన కావలెను.

గతమునంతటిని స్వర్ణయుగమనుట యుక్తము కాదు. 1800 మొదలు 1807 వరకు దత్తమండలముల పరిపాలనము చేసిన థామస్ మన్రో, ఇచ్చట క్రొత్తగా చెరువు కట్టదగిన చోటు దాదాపు లేదనియు, తగిన చోట్లనెల్ల ప్రజలు ముందే కట్టుకొనియున్నారనియు వ్రాసెను. అది ప్రజల దక్షతకు సాక్ష్యము. కాని ఆ చెరువుల క్రింద మడి గలవాడొకడు, కట్టకు మన్ను మోసినవాడు మరియొకడు. దశబంధ మాన్యములు పొందినవారు చెరువులను మరమ్మతు చేయవలసియుండగా, మాన్యము నిలిచి మరమ్మతు మరచిపోబడిన తావులును కలవు. కుడిమరామతును శిక్షచే నడిపింపవలెనని మద్రాసు ప్రభుత్వము 1858లో నిర్బంధ శ్రమ చట్టము చేసినది. ఇష్టముతో సాగిన పని చట్టముతో సాగింపవలసి వచ్చెనన్నచో ఊరికట్టు అప్పటికే సడలెనని యర్థము. కావున పాత పద్ధతిని యున్నదున్నట్లు తిరిగి తెమ్మని యెవరును కోరరాదు. కావలసినది పాత తెలివి, క్రొత్త న్యాయము.

అనంతపురము ప్రక్కనున్న బుక్కరాయసముద్రము చెరువు కథ తెలుగు విద్యార్థులకు కొత్త కాదు. కట్ట తెగనుండగా ఊరిని కాపాడుటకు ముసలమ్మ యను కోడలు తన్ను తాను ఆ నీటికి అర్పించుకొనెనని జనము చెప్పుకొందురు. కట్టమంచి రామలింగారెడ్డి యువకుడుగా నున్న కాలమున ఆ కథనే ‘ముసలమ్మ మరణము’గా వ్రాసి తెలుగు కవిత్వమున నూతన మార్గమునకు నాంది పలికెను. ఆ యిల్లాలి త్యాగమునకు చేతులు జోడింపవలసినదే. ఐనను తరగతి గదిలో ఒక ప్రశ్న వేయవలెను: కట్ట అంతదాక ఏల వచ్చినది? తెగనున్న కట్టకు బలియైనది ఊరి పెద్ద కాదు, ధనికుడు కాదు. ఇంటికి వచ్చిన కోడలు. ఊరందరు కూడి చేయవలసిన పనిని ఊరు మానుకొన్నప్పుడు దాని మూల్యమును మిక్కిలి బలహీనులే చెల్లింతురు. కట్టను ఏటేట బాగుచేసికొను ఊరికి ముసలమ్మ అక్కరలేదు.

నేడు ఆ మూల్యము మరియొక రూపమున చెల్లించబడుచున్నది. గొట్టపుబావి వచ్చిన పిమ్మట ప్రతిరైతును తన పొలములో తనకొక యూట గలదని నమ్మెను. ఊటకాలువ పదిమంది కలసిన గాని పారదు. గొట్టపుబావికి పొరుగువానితో పనిలేదు. నూరడుగుల లోతున నీరు పడిన చోట పొరుగువాడు మూడునూర్లు వేసినచో మొదటిది యెండును. కొన్ని తావులలో వేయి అడుగులు దింపినను దుమ్మే వచ్చుచున్నది. రాతి పగుళ్లలోని నీరు తాతలనాటి నిలువ. దానిని తీయుట సులభము, నింపుట కష్టము. దీనికి తోడు నగరములలో మేడలు కట్టుటకు ఏటి యిసుకను బండ్లకొలది తరలించినచో, నీటిని దాచు పాత్రయే పోవును. బావులకును ఇసుకకును కట్టుబాట్లు విధించుచు జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము 2002లో వచ్చినది. చట్టము కాగితముపై నుండుటకును ఏటి యొడ్డున నుండుటకును నడుమ ఊరి మేల్కొలుపు ఉండవలెను.

దూరమునుండి నదీజలములు వచ్చుచున్నవి గదా, ఈ చెలమల సంగతి ఏల యని కొందరు అడుగవచ్చును. హంద్రీ–నీవా పథకమున శ్రీశైలము వెనుకజలములను మెట్లు మెట్లుగా ఎత్తిపోసి ఈ సీమకు తెచ్చుట గొప్ప పని. 2012లో కృష్ణాజలములు జీడిపల్లి జలాశయమును చేరిన నాడు కలిగిన సంతోషము నిష్కారణము కాదు. ముదిగుబ్బ ప్రాంతముననే మద్దిలేటిపై యోగి వేమన పేర జలాశయము కలదు. కాని ఎత్తిపోసిన నీటికి విద్యుత్తు కావలెను, వంతు కావలెను, ఎగువ నదిలో వరద కావలెను. అతిథి యెంత ఆప్తుడైనను ఇంటి పొయ్యిని ఆర్పుకొని అతనికొరకు కూర్చుండము. పైగా వచ్చిన నీటిని పట్టి నిలుపవలసినవి ఈ చెరువులే, ఈ వంకలే, ఈ యిసుకయే. వంకలు పూడి, చెరువులోనికి నీరు వచ్చు దారులు ఆక్రమణల పాలైన చోట కృష్ణ వచ్చినను నిలువదు, వాన వచ్చినను నిలువదు.

పూడిన ఊటకాలువలన్నియు మరల పారునని చెప్పుట అబద్ధమగును. నీటిమట్టము లోతునకు పడిపోయిన చోట ఇసుకలో రెండు మీటర్ల కాలువ త్రవ్వి ప్రయోజనము లేదు. కాని పారని కాలువ సైతము ఒక సంగతి చెప్పును: ఒకప్పుడు నీరు ఇచ్చటి దాక నుండెను. వైద్యుడు రోగి పూర్వపు ఆరోగ్యమును తెలిసికొనక చికిత్స చేయడు. ఏ వంకలో ఎన్ని నెలలు నీరుండెను, ఏ మరువ ఏ యేట పారెను, ఏ చేని బావి ఏ నెలలో ఎండెను అను లెక్క లేనిచో, ఏ పథకము వేసినను గ్రుడ్డివాడు దారి చూపినట్లగును. రోము నగరమున 97వ సంవత్సరమున జలాధికారియైన ఫ్రాంటినసు మొదట చేసిన పని క్రొత్త కాలువ కట్టుట కాదు. ఉన్న తొమ్మిది కాలువలలో ఎంత నీరు బయలుదేరుచున్నది, ఎంత చేరుచున్నది, నడుమ ఎంత కారిపోవుచున్నది, ఎంత దొంగిలింపబడుచున్నది అని లెక్క తీసి గ్రంథము వ్రాయుట. సామ్రాజ్యమునకు అవసరమైన లెక్క ముదిగుబ్బకు అవసరము కాదా?

ఈ లెక్క తీయుటకు ప్రతియూరను సిద్ధముగా నున్న సైన్యము బడిపిల్లలు. ఉన్నత పాఠశాల యొక్కొక్కటి ఒక నీటిపుస్తకము పెట్టుకొనవచ్చును. అందు మొదటి పుటలో ఊరి పటము: కొండ, వంక, చెరువు, తూము, మరువ, పాత బావి, ఊటకాలువ తల. రెండవ పుటలో వాని పేర్లు, ఆ పేర్లను చెప్పిన వృద్ధుల మాటలు. తరువాతి పుటలలో ఏటేట వేసవిలో బావి నీటిమట్టము, వానకాలమున కురిసిన వాన, చెరువునకు నీరు వచ్చిన దినము. త్రాడు, రాయి, కొలబద్ద చాలును. ఒక తరగతి వెళ్లినను మరియొక తరగతి కొనసాగించును. భూగోళము చెప్పువారు వాలు లెక్కను, గణితము చెప్పువారు నిలువ లెక్కను, తెలుగు చెప్పువారు ఆ చోట్ల పేర్లలోని పాత మాటలను ఈ పుస్తకమునుండియే బోధింపవచ్చును. పదియేండ్ల పుస్తకము చేతిలో నున్నచో పంచాయతీ ముందు నిలిచి ఈ వంకను ఆక్రమింపరాదని, ఈ చోట ఇసుక తీయరాదని నిర్భయముగా చెప్పుటకు ఊరివారికి ఆధారము దొరకును.

కాల్‌ముత్‌లోని రాతిగది చక్కగా కాపాడబడుచున్నది. దాని నీటిపై నేడు కొలోన్ నగరము ఆధారపడలేదు గనుక అది ప్రదర్శనశాల కాగలిగినది. మన ఊటలకు అట్టి భాగ్యము అక్కరలేదు. అవి ప్రదర్శనశాలకు పోకుండ పొలములో నుండవలెను. పుట్టినిల్లు పచ్చగా నున్న ఆడపడుచు అత్తవారింట తలయెత్తుకొని తిరుగును; నీటికిని అంతే. కాలువ చివర నిలబడి నీరు రాలేదని మొరపెట్టుటకు ముందు, దాని పుట్టినిల్లు ఎట్లున్నదో ఒక్కసారి నడచిపోయి చూచివచ్చుట మంచిది.